పదహారు ముక్కల గలీబు

‘అతుకుల బొంత’ అన్న మాటను తెలుగులో మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. పొంతన కుదరని సినిమా కథ అతుకుల బొంత. గుంతలు పూడ్చీ పూడ్చీ మిగిలిన రోడ్డూ అతుకుల బొంతే. కానీ కుట్టు మిషను ముందు మొదటిసారి కూర్చుని, అరచేతంత గుడ్డ ముక్కలు రెండింటిని అంచుకు అంచు చేర్చి కుట్టి చూసినవారికి ఆ మాట మీద అభిప్రాయం మారిపోతుంది. రెండు ముక్కలు కలపడం తేలికే. ఆ జంట పక్కన ఇంకో జంట, ఆ వరుస కింద ఇంకో వరుస చేరినప్పుడు నాలుగు ముక్కల మూలలూ ఒకే చుక్క దగ్గర కలవాలి. అతుకులో ఎంత పనితనం ఉందో అక్కడ తెలుస్తుంది.

ఆ పనితనం నేర్చుకోవడానికి దిండు గలీబు చక్కటి మొదటి మెట్టు. కోస్తాలో దిండు, తలగడ అన్నా, తెలంగాణ ఇళ్లలో మెత్త అన్నా వస్తువు ఒకటే. దానికి తొడిగే తొడుగుకు కావలసినవి ముందువైపు పదహారు ముక్కలు, వెనకవైపు రెండు పట్టీలు, ఒకటి రెండు రోజుల తీరిక.

దిండుతోనే ఎందుకు?

కుట్టు నేర్చుకుందామని కూర్చునే చాలామందికి మొదట జాకెట్టు మీదే మనసు పోతుంది. జాకెట్టు ఒంటికి అంటుకుని ఉండే బట్ట. చంక దగ్గర అరంగుళం తేడా వచ్చినా, మెడ కాస్త జారినా వేసుకోవడానికి పనికిరాదు. మొదటి ప్రయత్నమే అలా పాడైతే చాలామంది మిషను మీద గుడ్డ కప్పేసి ఊరుకుంటారు. దిండుకు చంకలు లేవు, మెడ లేదు. నాలుగు నేరు గీతలు కుట్టగలిగితే చాలు.

అలాగని అది చిన్నపిల్లల ఆటా కాదు. కొలవడం, కత్తిరించడం, అంచు వదిలి కుట్టడం, ఇస్త్రీతో అతుకును అణచడం, మూలలు తిప్పడం, లోపలి వైపును బయటకు తీయడం... పెద్ద బొంతలోనైనా ఉండేవి ఈ పనులే. మంచం నిండా పరిచే బొంత మొదలుపెడితే నెలలు పడుతుంది, సగంలో అటకెక్కే ప్రమాదం కూడా ఉంది. గలీబైతే శనివారం ముక్కలు కోస్తే ఆదివారం రాత్రికి దిండు మీద ఉంటుంది. తప్పు దొర్లినా పోయేది అరమీటరు గుడ్డ. ఆ తప్పు ఎందుకు జరిగిందో రెండో గలీబు దగ్గర అర్థమవుతుంది.

మూటలోంచి ఏది తీయాలి

ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒక మూట ఉంటుంది. చిరిగిన చీరలు, పిల్లలకు పొట్టయిపోయిన గౌన్లు, టైలరు తిరిగిచ్చిన జాకెట్టు ముక్కలు అన్నీ అందులోనే. పదహారు ముక్కలకు కొత్త గుడ్డ కొననక్కర్లేదు, ఆ మూట విప్పితే చాలు. అయితే చేతికొచ్చిందల్లా పనికిరాదు.

మొదటి గలీబుకు నూలు గుడ్డను మించింది లేదు. నూలు జారదు, మడత పెడితే నిలుస్తుంది, ఇస్త్రీ వేడిని ఓర్చుకుంటుంది. దాని పక్కన పాలియెస్టర్ ముక్క పెడితే నూలుకు సరిపోయే వేడికి అది ముడుచుకుపోతుంది. పట్టు ముక్క జారుతుంది, జీన్సు ముక్క మందంగా ఉండి పక్కనున్న పలచటి గుడ్డను లాగేస్తుంది. మంగళగిరి నూలు, నారాయణపేట నూలు, మచిలీపట్నం కలంకారీ అచ్చు గుడ్డ, పాత లుంగీ, చొక్కా గుడ్డ దాదాపు ఒకే మందంలో ఉంటే హాయిగా కలిసిపోతాయి.

పాత చీరను కోసే ముందు కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. కుచ్చిళ్లు పడే చోట, కాళ్లకు రాసుకునే కింది అంచు దగ్గర గుడ్డ జల్లెడలా పలచబడి ఉంటుంది. అక్కడ ముక్క కోస్తే నాలుగు ఉతుకులకే చిరుగుతుంది. వెలుతురును ఆపే చోటే కోయాలి. మరీ మెత్తబడిన చీర ముక్క మీద మనసు పడితే వెనక పలచటి నూలు అస్తరు వేసి రెండు పొరలను ఒకటిగా కుట్టుకోవచ్చు.

కొత్త గుడ్డయితే కోసేముందు ఒకసారి ఉతికి ఆరేయాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవచ్చు. ఉతికిన ముక్కనూ ఉతకని ముక్కనూ కలిపి కుడితే మొదటి చాకిరేవులోనే ఒకటి ముడుచుకుని రెండోది ఉబ్బుతుంది. ఎర్ర గుడ్డ, నీలిమందు రంగు గుడ్డ మరో పరీక్షకు నిలవాలి. తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా ఒత్తితే రంగు అంటుకుంటుందా లేదా తెలిసిపోతుంది. అంటితే మళ్లీ ఉతకాలి, అప్పటికీ అంటుతుంటే పక్కన పెట్టేయాలి.

ముక్కల కోసం వెతుకులాట ఇప్పటిది కాదు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రాసిన జేన్ ఆస్టెన్, తల్లితో, అక్క కసాండ్రాతో కలిసి ఒక పెద్ద అతుకుల దుప్పటి కుట్టింది. 1811 మే నెలలో అక్కకు రాసిన ఉత్తరంలో ముక్కలు పోగుచేయడం గుర్తుందా అని అడిగి, అవి లేక పని ఆగిపోయిందని చెప్పుకుంది. ఆ దుప్పటి ఇంగ్లండులోని చాటన్ ఊళ్లో, ఆమె నివసించిన ఇంట్లో నేటికీ ఉంది.

అంతకు వందేళ్ల ముందు ఇంగ్లండు వారు అపురూపంగా దాచుకున్న ముక్కల్లో మన దేశపు గుడ్డ ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు మచిలీపట్నం వంటి కోరమండల్ రేవుల నుంచి చేత్తో రంగులద్దిన నూలు గుడ్డలను ఐరోపాకు ఓడల మీద తరలించాయి. ఉతికినా వెలవని ఆ రంగులకు అక్కడివారు ఎంత మోజు పడ్డారంటే, స్థానిక నేత దెబ్బతింటోందని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండులో 1721లో వచ్చిన చట్టం అద్దకం నూలు గుడ్డల వాడకాన్ని చాలామటుకు ఆపేసింది. అరుదైన గుడ్డలో గోరంత ముక్కను కూడా ఎవరూ పారేయరు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో, సుమారు 1708 నాటి అతుకుల పడక గుడ్డలు ఉన్నాయి. ఆ దేశంలో మిగిలిన అతి పాత అతుకుపనుల్లో అవీ ఉన్నాయి. వాటిలో వాడినవి భారతదేశం నుంచి వెళ్లిన అద్దకం గుడ్డల ముక్కలు.

శుభలేఖ అట్టతో కొలత

పదహారంగుళాల చదరపు దిండును లెక్కలోకి తీసుకుందాం. సోఫాల మీద వాడే కుషన్లు ఎక్కువగా ఈ కొలతలోనే దొరుకుతాయి. అడ్డం నాలుగు, నిలువు నాలుగు ముక్కలు. కుట్టాక ఒక్కో ముక్క నాలుగంగుళాలు కనిపించాలి. కుట్టులోకి వెళ్లిపోయే అంచు ఒక్కో వైపు పావు అంగుళం. అంటే కోసేటప్పుడు ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలు ఉండాలి.

నాలుగున్నర అంగుళాల ముక్కలు నాలుగు పక్కపక్కన పెడితే పద్దెనిమిది అంగుళాలు. వాటి మధ్య మూడు అతుకులు. ఒక్కో అతుకు రెండు వైపులా కలిపి అరంగుళం తీసుకుంటుంది కాబట్టి ఒకటిన్నర అంగుళం పోయి పదహారున్నర మిగులుతుంది. చివర చుట్టూ కుట్టేటప్పుడు ఇంకో అరంగుళం పోతే సరిగ్గా పదహారు. ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసుకుంటే తర్వాత ఏ సైజు దిండుకైనా ఎవరినీ అడగనక్కర్లేదు.

ప్రతి ముక్కనూ టేపుతో కొలిచి కోస్తే పదహారు ముక్కలూ పదహారు రకాలుగా వస్తాయి. అందుకే ముందు ఒక అచ్చు చేసుకోవాలి. మందపాటి శుభలేఖ అట్ట మీద నాలుగున్నర అంగుళాల చదరం గీసి, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో మూలమట్టం పెట్టి చూసి, నేరుగా కోస్తే అచ్చు తయారు. పది పదిహేను సార్లు గీశాక అట్ట అంచు అరుగుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ముతో చేసుకుంటే అరగదు, పైగా కింది గుడ్డ మీది పువ్వు ముక్కలో ఎక్కడ పడుతుందో లీలగా కనిపిస్తుంది.

కాగితం అచ్చును గుడ్డలోపలే పెట్టి కుట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. గుడ్డ అంచులను కాగితం మీదికి మడిచి కచ్చా కుట్టు వేసి, అలాంటి ముక్కలను చేత్తో అంచుకు అంచు కలుపుతారు. ఇంగ్లండులో 1718 అని సంవత్సరం కుట్టిన ఒక పట్టు అతుకుల దుప్పటి లోపల ఆ కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. మిషను లేనివారికీ, ప్రయాణాల్లో చేతికి పని కావాలనుకునేవారికీ ఈ దారి బాగుంటుంది.

గుడ్డ మీద అచ్చు పెట్టేటప్పుడు పడుగు, పేక గమనించాలి. అచ్చు అంచు పడుగు దారానికి సమాంతరంగా ఉంటే ముక్క సాగదు. ఐమూలగా కోసిన ముక్కను రెండు చేతులతో కాస్త లాగి చూస్తే రబ్బరులా సాగుతుంది. జాకెట్టు మెడకు క్రాస్ పట్టీ వేసేటప్పుడు ఆ సాగుడే కావాలి. చదరపు ముక్కకు అదే శత్రువు. కుట్టేలోపే అది పక్కకు వంగిపోయి, చదరం కాస్తా పతంగి ఆకారంలోకి తిరుగుతుంది.

మడులూ గట్లూ

కోసిన పదహారు ముక్కలను నేల మీదో మంచం మీదో పరచడమే ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. ఇక్కడ తొందర పనికిరాదు. ఒకదాన్ని తీసి ఇంకోచోట పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూడాలి. రెండు ముదురు రంగులు పక్కపక్కన పడితే అవి ఒకే మచ్చలా కలిసిపోతాయి. ఏ రంగు ఎంత ముదురో కంటికి తేలకపోతే ఫోనుతో ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే చాలు. ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా మెరుస్తున్నట్టున్నా, ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగుగా కనిపించవచ్చు. అప్పుడు వాటి మధ్య ఒక లేత ముక్క పడాలి.

పరిచిన ముక్కలను కాస్త దూరం నుంచి చూస్తే వరిమళ్లు గుర్తొస్తాయి. ముక్క మడి, అతుకు గట్టు. ఈ పోలిక చాలా పాతది. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో దీని గురించి ఒక కథ ఉంది. బుద్ధుడు మగధ దేశంలో నడిచి వెళుతూ గట్లతో తీర్చిదిద్దినట్టున్న పొలాలను ఆనందుడికి చూపించి, భిక్షువుల చీవరాలను ఆ తీరులో కుట్టగలవా అని అడిగాడట. ఆనందుడు అలాగే ముక్కలు కలిపి కుట్టి చూపించాడు. పారేసిన గుడ్డలను ఏరి, ముక్కలు చేసి, మడుల తీరులో కలిపిన వస్త్రం అప్పటినుంచి భిక్షువుల గుర్తయింది. బౌద్ధంతో పాటే ఆ అతుకుల వస్త్రం చైనా, జపాన్ దాకా నడిచి వెళ్లింది.

పరిచిన తీరు నచ్చాక ఫోనులో ఇంకో ఫొటో తీసుకోవాలి. ఆ తర్వాత ఒక్కో వరుసను ఎడమ నుంచి కుడికి దొంతరగా పేర్చి, వరుస నంబరు రాసిన చీటీని గుండుసూదితో గుచ్చాలి. ఈ చిన్న జాగ్రత్త మరిచిపోతే మిషను దగ్గరికి వెళ్లేసరికి ఏ ముక్క ఎక్కడిదో తెలియక మళ్లీ మొదటికి రావలసిందే.

తొక్కడం ముందు, కుట్టడం తర్వాత

తొక్కుడు మిషను మీద నేర్చుకునేవారి మొదటి ఇబ్బంది చేతుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది. పాదాలు ముందుకూ వెనక్కూ సమంగా ఊగాలి. కాస్త తడబడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, ఠప్పున దారం తెగుతుంది. అందుకే చాలా కుట్టు శిక్షణ తరగతుల్లో మొదటి రోజు దారం ఎక్కించనివ్వరు. నోటుపుస్తకంలోని గీతల కాగితం చించి సూది కింద పెట్టి, గీత మీదుగా తొక్కమంటారు. కాగితం మీద పడిన చిల్లులే ఆ రోజు పాఠం. మొదటి గీత మీద చిల్లులు పాములా మెలికలు తిరుగుతాయి. నాలుగో కాగితానికి గీతను వదలకుండా నడుస్తాయి. కళ్లు సూదిని చూడటం మాని, దాని ముందున్న గీతను చూడటం మొదలుపెట్టగానే ఈ మార్పు వస్తుంది.

ఆ తర్వాతే దారం, గుడ్డ. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు సూది సరిపోతుంది. అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేలా పెట్టుకుంటే అతుకు గట్టిగానూ ఉంటుంది, తప్పయితే విప్పడానికీ వీలుంటుంది.

కొత్తవారిని కంగారు పెట్టే దృశ్యం ఒకటుంది. పైన కుట్టు బాగానే కనిపిస్తుంది, గుడ్డ తిప్పి చూస్తే కింద దారం పిచ్చుకగూడులా చుట్టుకుని ఉంటుంది. కింద కనిపించింది కాబట్టి తప్పు కింది దారం చుట్టిన బాబిన్‌దేనని దాన్ని ఊడదీసి బిగించడం మొదలుపెడతారు. నిజానికి చాలాసార్లు తప్పు పై దారంలో ఉంటుంది. టెన్షన్ బిళ్లల మధ్య దారం సరిగ్గా కూర్చోకపోతేనో, గుడ్డను నొక్కిపట్టే ఫుట్ దించకుండా కుట్టేస్తేనో పై దారం వదులుగా కిందికి జారి గూడు కడుతుంది. ఫుట్ ఎత్తి, పై దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కిస్తే సగం జబ్బులు అక్కడే నయమవుతాయి.

రెండో అలవాటు గుడ్డను వెనక నుంచి లాగడం. గుడ్డను ముందుకు నడిపించేవి సూది కింద ఉన్న పళ్లు. చేతుల పని దారి చూపించడమే. లాగితే సూది వంగి పలకకు తగిలి విరుగుతుంది.

ఇక అసలు కొలత, పావు అంగుళం. సూది నుంచి కుడివైపుకు పావు అంగుళం కొలిచి, పలక మీద అక్కడ రంగు టేపు ముక్క అంటించాలి. గుడ్డ అంచు ఆ టేపును రాసుకుంటూ పోవాలి. ఇది సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే పరీక్ష ఒకటుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న చిన్న పట్టీలు మూడు తీసుకుని పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయాలి. మధ్య పట్టీ వెడల్పు సరిగ్గా అంగుళం ఉండాలి. తక్కువుంటే అంచు ఎక్కువ తీసుకుంటున్నట్టు, ఎక్కువుంటే తక్కువ తీసుకుంటున్నట్టు. టేపును ఆ మేరకు జరపాలి.

ఇంత పట్టింపు అవసరమా అన్న సందేహం రావచ్చు. అంచు ఒక్కో వైపు అంగుళంలో వీసం ఎక్కువ పోయిందనుకుందాం, అంటే పదహారో వంతు. ఒక్క అతుకుకు అది ఎనిమిదో వంతు అవుతుంది. మూడు అతుకులకు కలిపి దాదాపు సెంటీమీటరు పొట్టి. ఒక వరుస అలా పొట్టయి, కింది వరుస సరిగ్గా వస్తే రెండింటినీ కలిపే చోట మూలలు ఎంత లాగినా కలవవు.

నాలుగు మూలలు కలిసే చోటు

ముక్కలను జంటలుగా కుట్టేటప్పుడు ఒక్కో జంటకూ దారం తెంచనక్కర్లేదు. ఒక జంట సూది దాటగానే నాలుగు కుట్లు ఖాళీగా వేసి, రెండో జంటను అందించవచ్చు. ఎనిమిది జంటలూ ఒకే దారానికి వేలాడుతూ, గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణంలా మిషను వెనక నుంచి బయటికి వస్తాయి. ఆ తర్వాత మధ్య దారాలు కత్తిరిస్తే సరి. దారమూ మిగులుతుంది, సమయమూ మిగులుతుంది.

కుట్టిన ప్రతి అతుకునూ ఇస్త్రీ చేయాలి. చొక్కా మీద రుద్దినట్టు రుద్దితే ముక్క సాగిపోతుంది. పెట్టెను ఎత్తి, అతుకు మీద పెట్టి, నొక్కి, మళ్లీ ఎత్తాలి. ముందు కుట్టు మీద అలాగే ఒకసారి నొక్కి, తర్వాత లోపలి అంచులను ఒక పక్కకు మడిచి ఇంకోసారి నొక్కాలి. మొదటి వరుసలో అంచులన్నీ కుడికి మడిస్తే, రెండో వరుసలో ఎడమకు. మూడోది మళ్లీ కుడికి, నాలుగోది ఎడమకు.

ఇలా ఎందుకో రెండు వరుసలను ఎదురెదురుగా పెట్టినప్పుడు వేళ్లకే తెలుస్తుంది. కుడికి మడిచిన అంచు దగ్గర చిన్న గట్టు ఉంటుంది. ఎడమకు మడిచిన దాని దగ్గరా అలాంటి గట్టే. రెండింటినీ చూపుడువేలూ బొటనవేలూ మధ్య పట్టుకుని మెల్లగా జరిపితే ఒక గట్టు ఇంకో గట్టుకు తగిలి ఆగుతుంది, తలుపు గడియ పడినట్టు. అక్కడే గుండుసూది గుచ్చాలి. కళ్లు మూసుకుని కూడా ఈ పని చేయవచ్చు. సూది అక్కడికి రాగానే వేగం తగ్గించి, చేతి చక్రంతో నాలుగు కుట్లు వేసి, గుండుసూదిని చివరి క్షణంలో లాగేయాలి. గుడ్డ విప్పి చూస్తే నాలుగు రంగులు ఒక్క చుక్క దగ్గర కలిసి ఉంటాయి. మొదటిసారి కలవకపోయినా నిరాశ అక్కర్లేదు. ఆ ఒక్క అంగుళం మేర కుట్టు విప్పి, మళ్లీ పట్టుకుని కుట్టుకోవచ్చు.

జీస్ బెండ్ స్త్రీలు, సియర్స్ దిండ్లు

దిండు గలీబులు కుట్టి బతుకు దిద్దుకున్న స్త్రీల కథ అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఉంది. అలబామా నది వంపులో జీస్ బెండ్ అనే ఊరు, మూడు వైపులా నీళ్లు. అక్కడి నల్లజాతి కుటుంబాలు ఒకప్పటి పత్తి తోటల బానిసల వారసులు. చలికాలం గడవడానికి ఆ ఇళ్ల స్త్రీలు అరిగిన పని ప్యాంట్లు, చొక్కాలు, ఎరువుల సంచులు కోసి బొంతలు కుట్టేవారు. 1960లలో ఓటు హక్కు కోసం నల్లజాతివారు కదిలినప్పుడు, నది దాటించే పడవను 1962లో ఆపేశారు. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. 2006 దాకా ఆ పడవ తిరిగి రాలేదు.

1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ నుంచి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని వారికి వచ్చింది. కార్డురాయ్ అంటే గీతలు గీతలుగా నూగు ఉండే మందపాటి గుడ్డ. గలీబులన్నీ ఒకే కొలత, ఒకే తీరు. కోయగా మిగిలిన ముక్కలు మాత్రం ఇళ్లకు చేరాయి. బంగారు రంగు, ఆకుపచ్చ, గోధుమ రంగు కార్డురాయ్ పట్టీలతో ఆ స్త్రీలు తమకు నచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లోనూ, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ఆ ఊరి బొంతలను పెద్ద చిత్రకారుల బొమ్మల్లా గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది.

వారి బొంతల్లో గీతలు కొన్నిచోట్ల వంకరగా నడుస్తాయి, ముక్కలు ఒక కొలతకు కట్టుబడవు. అయినా అతుకులు గట్టివి. చలికి కప్పుకోవడానికీ, పిల్లలు దొర్లడానికీ, ఏళ్ల తరబడి ఉతకడానికీ కుట్టినవి.

స్కేలు లేని దారి

మనకు దగ్గరలోనే ఇంకో పాఠశాల ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల అంచున, యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో సిద్దీలు ఉంటారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. ఆ స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. అచ్చు ఉండదు, స్కేలు ఉండదు. కింద ఒక పాత చీర పరుస్తారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి ముక్కలు పెడుతూ, ‘ముందు కుట్టు’ (రన్నింగ్ స్టిచ్) వేసుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి మధ్యకు చేరతారు. చేతికి ఏ ముక్క వస్తే అది తన చోటు వెతుక్కుంటుంది. ముగించేముందు మూలల్లో త్రికోణంగా మడిచిన గుడ్డలు కుడతారు. వాటిని పూలు అంటారు. అవి లేనిదే బొంతకు నిండుతనం రాదని వారి భావన.

తెలుగు ఊళ్లలో పాత చీరల బొంతలదీ దాదాపు ఇదే కుట్టు. చంటిపిల్లల పొత్తిళ్ల కింద పరిచే చిన్న బొంత నుంచి మంచం మీది పెద్ద బొంత దాకా, రెండు మూడు పొరలను కలిపి పట్టేది అదే ముందు కుట్టు. లంబాడీ తండాల్లో ఆ పనికే అద్దాలు, రంగు దారాలు తోడై కళ్లు చెదిరే అందం వస్తుంది.

మిషను మీద కుట్టిన పదహారు ముక్కల పలకకు ఈ చేతికుట్టును జోడించవచ్చు. పలక కింద పాత నూలు చీర రెండు పొరలు పరిచి, అక్కడక్కడ గుండుసూదులు గుచ్చి, అతుకు పక్కగా పావు అంగుళం దూరంలో రంగు దారంతో ముందు కుట్టు వేసుకుంటూ పోతే ముక్కలు కొంచెం ఉబ్బి, కుట్టు కొంచెం లోపలికి దిగి, పలక మీద నీడలు పడతాయి. గలీబుకు దళసరితనం వస్తుంది. లోపలి అతుకులు పోగులు లేవకుండా మూసుకుపోతాయి కూడా. కుట్టు సమంగా రాలేదని దిగులు పడనక్కర్లేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు వచ్చేసరికి చెయ్యి తనంతట తానే ఒక లయలో పడుతుంది.

జిప్పు లేని వెనక వైపు

మొదటి గలీబుకు జిప్పు, గుండీలు వద్దు. వెనకవైపు కవరు మడతలా పెడితే చాలు. ఒకే రంగు గుడ్డలో పదహారున్నర అంగుళాల పొడవు, పదకొండున్నర అంగుళాల వెడల్పు ఉండే ముక్కలు రెండు కోయాలి. ఒక్కో దాని పొడవాటి అంచును అరంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుడితే వెడల్పు పదిన్నర అవుతుంది. అతుకుల పలకను మంచివైపు పైకి పెట్టి, దాని మీద ఈ రెండు ముక్కలనూ మంచివైపు కిందికి బోర్లించాలి. మడిచి కుట్టిన అంచులు మధ్యలో ఒకదాని మీద ఒకటి నాలుగున్నర అంగుళాల మేర పడతాయి. చుట్టూ పావు అంగుళంలో కుట్టి, ఆ అంచు మీదే జిగ్‌జాగ్ వేయాలి. జిగ్‌జాగ్ లేని మిషనైతే ఇంకో నేరు కుట్టు వేసి, అంచు పోగులను చేత్తో చుట్టుకుట్టు వేసుకోవచ్చు.

మూలల దగ్గర గుడ్డ నాలుగు పొరలుగా లావెక్కుతుంది. కుట్టుకు తగలకుండా మూలను ఏటవాలుగా కత్తిరించి, వెనక మడతలోంచి చెయ్యి పెట్టి గలీబును తిరగేయాలి. మూల పూర్తిగా బయటికి రావడానికి చాలామంది కత్తెర మొనతో పొడుస్తారు. గుడ్డ చిరిగేది అక్కడే, అదీ పనంతా అయ్యాక. మొద్దుబారిన పెన్సిలు వెనక కొసతో మెల్లగా తోస్తే మూల చక్కగా నిలుస్తుంది.

దిండు దూర్చి, వెనక మడతను సర్ది, సోఫా మూలన ఆనించి చూసేసరికి తప్పులన్నీ ముందు కంటబడతాయి. మూడో వరుసలో ఒక మూల కాస్త జారి ఉంటుంది, ఒక ముక్క మీది పువ్వు తలకిందులై ఉంటుంది. ఇంట్లో మిగతావారి కళ్లు మాత్రం వేరే చోట ఆగుతాయి. ఇది అమ్మ చీర కదా, ఇది నా స్కూలు గౌను కదా అని ఒక్కొక్కరు ఒక్కో మడి మీద వేలు పెడతారు.

నేల మీద ఇంకా పీలికలు మిగిలే ఉంటాయి. వేలెడు వెడల్పు కూడా లేనివి, ఏ అచ్చుకూ అందనివి. ఓ రెండు నాలుగున్నర అంగుళాల ముక్కలను మూడు వైపులా కలిపి, ఆ పీలికలన్నీ అందులో గట్టిగా కూరి, నాలుగో వైపు చేత్తో కుట్టేస్తే గుండుసూదులు గుచ్చుకునే బుల్లి దిండు తయారవుతుంది. రెండో గలీబు మొదలుపెట్టేటప్పుడు మిషను పక్కన ముందుగా పెట్టుకునే వస్తువు అదే.